ఎనిమిదో పేరు

టౌరంగా,
9 ఫిబ్రవరి 2025

ప్రియమైన తమ్ముడు జెరెమీకి,

ప్రభువు నామంలో అక్క వందనాలు. మోకాళ్లు తప్ప మిగతా నేనంతా క్షేమం. ఫోన్లో నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయిన వారం సోఫియాకి నర్సింగ్ సీటొచ్చిందని చెబితే, "ఎవరికి సీరియస్?" అని కంగారుపడ్డావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఈ దేశంలో టపా ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులే కదా, ఆలస్యమైతే నన్ను తిట్టకు.

విషయం ఏమిటంటే, మన సత్తెనపల్లి చర్చి పాస్టరుగారి ద్వారా నాకు ఫ్రాన్సు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మోరెవాల్ అని ఒక పల్లె. నూరు గడపలు కూడా లేవట. కమ్యూన్ అంటారట, మన పంచాయతీ లాంటిదే. ఆ ఊరి మేయరమ్మ రాసింది. నా మనవరాలు స్కూల్లో ఫ్రెంచి చదివింది కదా, కూర్చోబెట్టి చదివించాను. సోఫియా ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. ఆ మధ్యలో ఎన్ని మాటలు జారిపోయాయో దేవుడికే తెలియాలి.

ఇంగ్లీషు దొరల సైన్యంలో ఉండగా యుద్ధంలో నాన్న జర్మన్లకు ఖైదీగా చిక్కాడని మనకు తెలుసు. బాంబులు పడి క్యాంపు గోడ కూలితే పారిపోయాడని కూడా తెలుసు. అక్కడి నుంచి స్విట్జర్లాండ్ చేరేదాకా మధ్యలో ఏం జరిగిందో అడిగితే లేచి దొడ్లోకి వెళ్లిపోయేవాడు. ఆ మధ్యలో ఉన్నది ఈ ఊరేనట. 1944 వేసవిలో నాలుగు నెలలు ఒక ఇంటి అటక మీద, ఎండుగడ్డి వెనక నాన్నని దాచారట. వాళ్లూ లూథరన్లే. నాన్న జేబులోంచి చిన్న తెలుగు బైబిలు తీసి చూపిస్తే, ఒక్క అక్షరం తెలియకపోయినా అదేమిటో గుర్తుపట్టి అన్నం పెట్టారట.

సెప్టెంబరులో జర్మన్లు వచ్చి కొంతమంది మగవాళ్లను చర్చి ముందు నిలబెట్టి కాల్చేశారట. ఎవరు, ఎంతమంది అన్న వివరాలు తర్వాత పంపుతామన్నారు. ఈ సెప్టెంబరులో వాళ్ల పేర్లతో కొత్త రాయి నిలబెడుతున్నారు. నాన్న గురించి ఇంట్లోవాళ్లు నాలుగు మాటలు రాస్తే అక్కడ చదువుతారట. నాన్నని దాచిన మనిషి కూతురు మదలేన్ అని, ఎనభై ఆరేళ్ల మనిషి, ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. ఆవిడ ఒక్క సంగతి అడగమందట. "ఆ ఇండియా సోల్జరు ఇంటికి వెళ్లాక మమ్మల్ని ఎప్పుడైనా తలచుకున్నాడా?"

ఏం చెబుతాం? తలచుకోగా మనం వినలేదు. ఆ నాలుగు మాటలు నువ్వే రాయి. ముద్దుల కొడుకువి. నువ్వు పుట్టకముందు నుంచీ, నేను పక్కనే మోకాళ్ల మీద ఉండగానే, రోజూ సాయంత్రం ప్రార్థనలో నీ పేరు పెట్టి దేవుణ్ణి అడిగాడు. నా పేరు ఒక్కనాడు రాలేదు. డెబ్బై రెండేళ్లొచ్చాక ఇంకా ఈ దెప్పు ఎందుకంటావు. అలవాటైపోయింది, ఇప్పుడు మానితే ఏమీ తోచదు.

మందులు వేళకు వేసుకో.

నీ అక్క
ఫ్లోరెన్స్


లోవర్ హట్,
20 ఫిబ్రవరి 2025

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

తమరి ఉత్తరం తొమ్మిది రోజులు ప్రయాణం చేసి అలసిపోయి చేరింది. నేను రైల్లో టికెట్లు చూసే రోజుల్లో అయితే నా చేతికిస్తే నేనే తెచ్చుకునేవాణ్ణి.

నా సంగతి మామూలే. మంగళ, గురు, శనివారాలు మిషను పక్కన కూర్చోవడం. పక్క కుర్చీలో ఒక సమోవా పెద్దాయన, రక్తం శుభ్రమవుతున్నంతసేపూ పాటలు పాడతాడు. నాకు వినపడదు కాబట్టి మా స్నేహం బాగా కుదిరింది. గుండె కొంచెం పెద్దదయిందని డాక్టరు చెప్పింది. మా అక్కకి చెప్పండి, నాకు గుండె లేదంటుంది అన్నాను. ఆ పిల్లకి నవ్వు రాలేదు.

నాన్న సంగతి చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అటక మీద నాలుగు నెలలా? మనకి ఒక్క ముక్క చెప్పలేదు చూడు. అయితే ఒకటి ఇప్పుడు తెలిసింది. ఆ శిష్యుల పేర్లు నాన్న అక్కడే నేర్చుకుని ఉంటాడు. ప్యేర్, జాక్, ఆంద్రే, జాన్, ఫిలీప్, మత్యూ, సిమోన్. పేతురు, యాకోబు, అంద్రెయ అని చక్కగా తెలుగులో ఉండగా ఇదేమిటని అమ్మ అడిగితే, మన రాజారావు పాస్టరుగారు కదా చెప్పింది, దొరల భాషలో అలాగే పలుకుతారమ్మా అని. మిగతా అయిదుగురేరి అని అమ్మ అడిగితే నాన్న, "నాకు వచ్చినంతమందే" అన్నాడు. ఆ ఏడుగురి తర్వాత, ఎనిమిదోవాణ్ణి నేను.

నీకు కోపం వస్తుందని ఇది ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. నేను పంతొమ్మిదేళ్లప్పుడు చదువు ఎగ్గొట్టి బెజవాడ పారిపోయి రెండేళ్లు తాగి తిరిగాను కదా. ఒక సాయంత్రం డబ్బులు అయిపోయి ఇంటికొచ్చాను. లోపలికి వెళ్లే మొహం లేక గుమ్మం బయట నిలబడ్డాను. లోపల నాన్న ప్రార్థన చేస్తున్నాడు. శిష్యుల పేర్లన్నీ అయ్యాయి. ఇంక ఈ వెధవ పేరు తీసేసి ఉంటాడులే అనుకున్నాను. తియ్యలేదు. రెండేళ్లుగా, ఒక్క రోజు మానకుండా, దేవుడికి నన్ను గుర్తుచేస్తూనే ఉన్నాడు. చెప్పులు విడిచే చోటే కూలబడ్డాను. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. మా ఆవిడ కిరణ్మయి చనిపోయిన ఏడాది కూడా ముట్టలేదు. పిల్లలు లేరు, ఇప్పుడు ఆవిడా లేదు. నా బతుక్కి ఆధారం ఏమిటి అని ఎవరైనా అడిగితే అదొక్కటే చెబుతాను.

నా మాటలు ఇవి, సోఫియా చేత ఫ్రెంచిలోకి మార్పించి పంపు: "మా నాన్న జ్ఞానదాసు తక్కువ మాట్లాడే మనిషి. రోజూ సాయంత్రం శిష్యుల పేర్లు చెప్పి, వాళ్ల తర్వాత నా పేరు చెప్పి ప్రార్థించేవాడు. ఆ ప్రార్థన నన్ను బతికించింది. ఆ ప్రార్థన చేసిన మనిషిని మీ ఊరు బతికించింది. మీకు మా ఇంటిల్లిపాదీ వందనాలు."

నీ సొంత కవిత్వం కలపకు.

నీ తమ్ముడు
జెరెమీ


టౌరంగా,
6 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

ఇది నీకే రాస్తున్నాను గానీ పోస్టు చెయ్యను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడటం లేదు. నాకు చెప్పుకోవడానికి ఉన్నది నువ్వొక్కడివే, నీకే చెప్పకూడదు.

ఫ్రాన్సు నుంచి వివరాలు వచ్చాయి. ఆ ఊరి పాస్టరు అప్పట్లో రాసుకున్న నోటు పుస్తకంలోంచి ఒక పేజీ ఎత్తి రాసి పంపారు. జర్మను ఆఫీసరు ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచాడట. ముందుకు రాగానే, "ఇండియా వాడెక్కడ?" అని అడిగేవాడట. జవాబు లేకపోతే కాల్చి, తర్వాతి పేరు పిలిచేవాడట. నాన్న ఉన్న అటక చర్చికి ఎదురుగానే ఉంది, వీధికి అటు ఇటు. గడ్డిలో పడుకుని అంతా విన్నాడు.

సోఫియా ఆ పేర్లు చదువుతోంది. ప్యేర్, జాక్, ఆంద్రే అని. నేను బియ్యంలో రాళ్లు చూస్తున్నాను. జాన్, ఫిలీప్ అంది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మత్యూ అని నేనన్నాను. నేననుకోకుండానే నా నోట్లోంచి వచ్చింది. "హౌ డిడ్ యూ నో, అమ్మమ్మా?" అని తెల్లబోయింది. తర్వాత సిమోన్ అన్నాను. ఎనిమిదోది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అదే చదివింది. జెరెమీ.

ముప్ఫై ఒక్క ఏళ్లట. చెక్క చెప్పులు చేసేవాడట. ఆ అటక ఆయనదే. వేలెత్తి ఎదురింటి వైపు చూపిస్తే బతికేవాడు. చూపించలేదు. మదలేన్ ఆయన కూతురు, అప్పటికి అయిదేళ్లది.

అవి శిష్యుల పేర్లు కావురా. ఆ ఆఫీసరు పిలిచిన వరసే, ఒక్క పేరు అటూ ఇటూ కాకుండా. నాన్న దిగి వస్తే రెండో మనిషి దగ్గరో మూడో మనిషి దగ్గరో ఆగేదేమో. దిగలేదు. కొడుకు కావాలని దేవుణ్ణి అడుగుతున్నాడని నేననుకున్నాను, అది కాదు. నీకు ఆ పేరు పెట్టుకున్నాడంతే. నువ్వు గుమ్మం బయట కూలబడి విన్న పేరు నీది కాదు.

ఇప్పుడు నా పాపం కూడా రాస్తాను. ఆ ఎనిమిదో పేరు విన్నప్పుడు ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. నా పేరే కాదు, వీడి పేరూ చెప్పలేదన్నమాట అని. ఇన్నేళ్లు నన్ను కొరుక్కుతిన్నది ఒక్కసారిగా దిగిపోయింది. వెంటనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. నీ ఆధారం ఏమిటో నువ్వే రాశావు. బియ్యం అలా వదిలేసి ఏడ్చాను. పోయేకాలం వచ్చింది నాకు, తమ్ముడి నష్టానికి సంతోషపడ్డాను.

నీకు చెప్పలేను. ఆ మదలేన్‌కి చెప్పకుండా ఉండలేను. ఎనభై ఏళ్లుగా ఆ ఒక్క ప్రశ్న పెట్టుకుని కూర్చుంది. జవాబు నా దగ్గరుంది.


టౌరంగా,
8 ఏప్రిల్ 2025

ప్రియమైన తమ్ముడు జెరెమీకి,

అక్క వందనాలు. నీ మాటలు చాలా బాగున్నాయి. ఒక్క అక్షరం మార్చను. సోఫియా పరీక్షల్లో ఉంది, తీరిక చూసుకుని ఫ్రెంచిలోకి మారుస్తుంది. ఆ ఊరి నుంచి ఇంకా వివరాలేవీ రాలేదు.

ఇక్కడ కివీ పళ్ల కోతలు మొదలయ్యాయి. మా వీధిలో పంజాబీ పిల్లలు పొద్దున్నే వ్యాన్లలో పోతున్నారు. నేను పనిచేసిన రెస్ట్ హోమ్ వాళ్లు ఇంకా నన్ను టీకి పిలుస్తుంటారు. వెళ్లాను. పాత వాళ్లలో ఇద్దరే మిగిలారు. ఒకావిడ నన్ను తన చెల్లెలనుకుంది. అవునన్నాను. ఒక్కోసారి అలా అనేస్తే ఎవరికీ పోయేదేమీ లేదు.

ఉప్పు తగ్గించు. ఆవకాయ పంపమని మళ్లీ అడగకు, పంపను.

నీ అక్క
ఫ్లోరెన్స్


లోవర్ హట్,
17 ఆగస్టు 2025

ఫ్లోరెన్స్ అక్కకి,

సోఫియా శుక్రవారం నన్ను చూడటానికి రైల్లో వచ్చింది. కొత్తగా చేరిన వెల్లింగ్టన్ హాస్టల్లో తిండి బాగాలేదట, చేపల పులుసు వండి పెట్టాను. మాటల్లో నా నాలుగు మాటలు ఫ్రెంచిలో చదివి వినిపించమన్నాను. పిల్ల మొహం పాలిపోయింది. దానికి అబద్ధం చెప్పడం చేతకాదు, అది నీ దగ్గర నేర్చుకోలేదు. నా మాటలు అసలు పంపలేదట. నువ్వే వేరేగా రాసి పంపావట. తాతయ్యకి చెప్పొద్దన్నావట. ఏం రాశావంటే కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ చెప్పలేదు.

నాకు అర్థమయింది. "రోజూ నా పేరు చెప్పేవాడు" అన్న మాట నువ్వు పరాయి దేశంలో కూడా ఎవరి చెవినా పడనివ్వవు. అక్కా, నాన్న పోయి ఇరవై ఒక్క ఏళ్లయింది. నాకా, వారానికి మూడు రోజులు మిషను నడిపిస్తే మిగతా నాలుగు రోజులు బతుకుతున్నాను. ఇంకా నీ కుళ్ళు చావలేదా? నేను అడిగింది ఏమిటి? నాన్న నన్ను బతికించాడని ఒక్కచోట ఒక్కసారి ఎవరైనా పైకి చదవాలని. అంతే కదా.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

జెరెమీ


టౌరంగా,
28 ఆగస్టు 2025

తమ్ముడికి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపుతాను.

అవును, నీ మాటలు నేనే పంపలేదు. కుళ్ళే అనుకో. నన్ను నువ్వు ఎన్నన్నా పడతాను, పెద్దదాన్ని. సోఫియాని మాత్రం ఏమీ అడగకు. వచ్చే నెల పద్నాలుగున అక్కడ సభ జరుగుతుంది. దాని వీడియో ఫోన్లో వస్తుందట. చూపిస్తానంటే వద్దను. అంత చిన్న తెర చూడటం నీ కళ్లకు మంచిది కాదు.

ప్రభువు నిన్ను కాపాడాలి.

అక్క


లోవర్ హట్,
21 సెప్టెంబర్ 2025

అక్కా,

కళ్లకు మంచిది కాదని రాశావు చూడు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నా కళ్ల మీద నీకు ఇంతకుముందెప్పుడూ ఇంత శ్రద్ధ లేదు. నిన్న సోఫియాని కూర్చోబెట్టి చూపించమన్నాను. ఫోన్ పట్టుకుని అది ఏడుస్తూనే ఉంది.

చిన్న చర్చి. ముందు రాయి. గొడుగులు పట్టుకుని ఒక అరవై మంది ఉన్నారు. మేయరమ్మ పేర్లు చదివింది. నాకు వినపడలేదు గానీ, సోఫియా వినికిడి మిషను సరిచేసి ఫోన్ చెవి దగ్గర పెట్టింది. ప్యేర్, జాక్, ఆంద్రే. అవే పేర్లు, అదే వరస, నాన్న ఆగిన చోటే ఆగుతూ. ఎనిమిదో పేరు పిలిచినప్పుడు నేను ఇక్కడ నా కుర్చీలోంచి పలకబోయాను. అప్పుడు ఆ ముసలావిడ, మదలేన్, చెయ్యి చాపి రాయి మీద ఆఖరి పేరు తడిమింది. నాకు తెలిసిపోయింది.

తర్వాత నువ్వు రాసిన మాటలు చదివారు. సోఫియా తనకొచ్చిన తెలుగులో చెప్పింది. "తలచుకున్నాడమ్మా. అరవై ఏళ్లు, ప్రతి సాయంత్రం, మీ నాన్న పేరు చెప్పకుండా మా నాన్న అన్నం ముట్టలేదు. తన కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాడు." ఆవిడ మళ్లీ చదవమంది. మళ్లీ చదివారు. నువ్వు చేసింది మంచి పని. నా మాటలు చదివి ఉంటే ఆ తల్లి గుండె ఆగిపోయేది. వాళ్ల నాన్న పేరు నేను నాదనుకుని తిన్నాను ఇన్నాళ్లు.

కుళ్ళు అన్నాను నిన్ను. చెప్పుతో కొట్టు. ఏప్రిల్ నుంచి ఇది ఒక్కదానివే మోశావు, నన్ను పల్లెత్తు మాట అనకుండా.

కానీ అక్కా, ఒక్క సంగతి అడుగుతాను. నువ్వు నాకంటే అయిదేళ్లు పెద్దదానివి. నాకు గుర్తులేనివి నీకు గుర్తుంటాయి. ఎప్పుడైనా, ఏ ఒక్క రోజైనా, ఆ ఎనిమిది అయ్యాక, నాన్న తొమ్మిదో పేరుగా మళ్లీ ఆ పేరే అన్నాడా? అంటే నన్ను. బాగా ఆలోచించి రాయి. లేకపోతే లేదని రాయి, ఏం ఫరవాలేదు.

నీ తమ్ముడు
జెరెమీ


టౌరంగా,
30 సెప్టెంబర్ 2025

నా బంగారు తమ్ముడికి,

ఎందుకు లేదూ? ఉంది. నీ ఉత్తరం అందగానే గుర్తొచ్చింది.

నీకు ఆరేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు. సత్తెనపల్లి ఇంట్లో వంటింటి పక్క గదిలో నవారు మంచం మీద పడుకోబెట్టారు. అమ్మ బార్లీ నీళ్లు కాస్తోంది. మిట్టమధ్యాహ్నం, నాన్న తను పనిచేసే బడికి సెలవు పెట్టి నీ పక్కన నేల మీద కూర్చున్నాడు. తడి తువ్వాలు నీ నుదుటి మీద వేసి, ఆ లిస్టు ఏమీ లేకుండా, వేరేగా, "ప్రభువా, నా జెరెమీని నాకు వదిలెయ్" అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఈ చెవులతో విన్నాను. నాకు చెప్పలేనంత అసూయ వేసింది, అందుకే ఇంత బాగా గుర్తుంది.

ఇంక ఏడవకు. మంగళవారం మిషను దగ్గరికి కడుపులో ఏదైనా వేసుకుని వెళ్లు.

నీ అక్క
ఫ్లోరెన్స్


లోవర్ హట్,
12 అక్టోబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నమ్మాను కూడా.

ఆ ఏడాది టైఫాయిడ్ వచ్చింది నాకు కాదు, నీకు. నీకు పదకొండేళ్లు. పదిహేను రోజులు నీకు ఒళ్లు తెలియలేదు, మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. తలుపు దగ్గర నిలబడింది నేను. నేల మీద కూర్చున్నది నాన్నే, తడి తువ్వాలు నిజమే, బార్లీ నీళ్లు నిజమే. తర్వాత అమ్మ నీకు చెప్పి ఉంటుంది, అందుకే నీకు అవి గుర్తున్నాయి. అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి నాన్న ఏమన్నాడో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

"ఫ్లోరెన్స్" అన్నాడు. "నా ఫ్లోరెన్స్‌ని తీసుకోకు. ఎనిమిది మందిని తీసుకున్నావు, చాలదా" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు, శిష్యులు ఏడుగురే కదా అనుకున్నాను. దేవుడితో అలా గట్టిగా మాట్లాడటం నేను అదొక్కసారే విన్నాను. ఆ పదిహేను రోజులూ ఆయన శిష్యుల పేర్లు చెప్పలేదు. నీ పేరే చెప్పాడు.

నీకు చెప్పలేదు. ఆరేళ్లప్పుడు చెప్పలేదు, పదహారేళ్లప్పుడు చెప్పలేదు, ప్రతిసారీ నువ్వు "నా పేరు ఒక్కనాడు రాలేదు" అని దెప్పినప్పుడు కూడా నవ్వి ఊరుకున్నాను. నాన్న నోట్లో ఉన్న పేరు నాదొక్కటే అయి ఉండాలని. నిన్ను ఆ మాట అన్నాను గానీ, కుళ్ళు నాది అక్కా. మొదటి నుంచీ నాదే.

డెబ్బై రెండేళ్లు నువ్వు లేదనుకుని బతికింది నీకు ఉంది. నేను ఉందనుకుని బతికింది నాకు లేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

ఇది అబద్ధం అనుకోకు. నీ పేరు చెప్పాడు. నేను విన్నాను.

నీ తమ్ముడు